నాలుగో టక్కు

కన్ను వచ్చేసింది తల్లీ! సూదిలో దారం నేనే ఎక్కించాను, మొదటిసారికే!

వినుకొండ,
ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన నా నజ్మీనుకి నాన్న వెయ్యి దీవెనలు. ఊరు, తేదీ, దీవెన ముందు రాసి కబురు తర్వాత రాయాలని మాకు అయిదో తరగతిలోనే చెప్పారు. కలం ఆగితేగా!

గుంటూరులో కంటికి కట్టు విప్పగానే ఎదురుగా నర్సమ్మ కనపడింది. "అమ్మా, నీ తెల్లకోటు చంక దగ్గర కుట్టు ఊడుతోంది, చూసుకో" అన్నాను. డాక్టరు గారు పకపకా నవ్వి, "ఈయనకి ఇంక పరీక్ష ఎందుకు" అన్నారంట. నాకు వినపడలేదు, మీ అమ్మ కరీమున్ తర్వాత చెవిలో అరిచి చెప్పింది.

చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు మిషను తొక్కినట్టు టకటక తప్ప ఏం తెలియదు. అందుకే మనకి ఉత్తరమే. రెండేళ్ళుగా నీ ఉత్తరాలు మీ అమ్మ చదివి వినిపిస్తుంటే వీధంతా వినేది. ఎదురు టీకొట్టు యలమంద, "ఏం సుభానీ, మీ అల్లుడికి జలుబు తగ్గిందంటగా" అని పరామర్శకి వచ్చేవాడు. ఇంక వాడి ఆటలు సాగవు. ఇవాళ పెట్టె తీసి నీ పాత ఉత్తరాలన్నీ నేనే చదువుకున్నాను. నీ అక్షరం ఇంత గుండ్రంగా ఉంటుందని మర్చేపోయాను తల్లీ.

నువ్వు ఇంట్లోకి కంప్యూటర్ కొందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కొనేది నేనే. కంటి పరీక్షకి మళ్ళీ గుంటూరు వెళ్ళాలి. అక్కడ మీ పెద్దమ్మ కొడుకు ముబీను కంప్యూటర్ సామాన్ల కొట్టు పెట్టాడుగా. మంగళగిరి నుంచి నీకు గుంటూరు దగ్గరేనని నాకు తెలుసు. అయినా రావద్దు. రెండేళ్ళ నుంచి ఏ వస్తువూ కళ్ళారా చూసి కొనలేదు నేను. మొదటిది నీదే కావాలి. ఏమేం కావాలో రాయి.

ఇట్లు
చూపొచ్చిన నీ నాన్న,
సుభానీ, టైలర్


మంగళగిరి,
ఏప్రిల్ మూడో వారం

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి ఇంట్లో గంతులేశాను. నీ అల్లుడు అఫ్రోజ్ ఆటో కిరాయి వదులుకుని మరీ మిఠాయి తెచ్చాడు.

బెంగపడుతుందని అమ్మకి ఒక సంగతి చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చదువుకుంటావు కాబట్టి రాస్తున్నాను. నేను పనిచేసే ఎంబ్రాయిడరీ సెంటరు వాళ్ళు డిజైన్లు ఇక బయట ఊరి నుంచి తెప్పించుకుంటారట. ఈ నెలాఖరుతో నా పని ఆఖరు. జాకెట్ల మీద కంప్యూటర్ వర్కు కుట్టే మిషనుకి సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ తిరగాలో చెప్పే బొమ్మ గీయడం నా పని. నాకు వచ్చిందీ అదే, ఇష్టమైందీ అదే. ఇక్కడ లంగావోణీల దుకాణం జయకుమారి గారు ఒక మాటిచ్చారు. "సొంతంగా పది డిజైన్లు వేసి పట్రా నజ్మీన్. ఒక్కటి నచ్చినా శ్రావణం పనంతా నీకే ఇస్తాను. నచ్చకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దు" అన్నారు. ఇది కుదరకపోతే నేను ఏదో బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి పోవాల్సిందే.

ఇంక సామాను. తక్కువలో రావాలి, రేపు పెంచుకునేలా ఉండాలి. ప్రాసెసరు అంటే దాని బుర్ర. తెర మీద బొమ్మ చూపించే శక్తి అందులోనే ఉన్నది తీసుకో. విడిగా గ్రాఫిక్స్ కార్డు తర్వాత వేసుకుందాం. మదర్‌బోర్డు అంటే అన్నీ తగిలించే పలక. ముందు ముందు వచ్చే ప్రాసెసరు కూడా అందులో కూర్చోవాలి, ముబీన్ అన్నకి తెలుసు. ర్యామ్ అంటే నువ్వు గుడ్డ పరుచుకునే బల్ల లాంటిది, పెద్దదైతే పని సులువు. దాని రేటు ఇప్పుడు మిరపకాయ రేటులా ఎగిరి కూర్చుంది, పదహారు జీబీ చాలు. ఎనిమిదివి రెండు ఇవ్వబోతే తీసుకోకు. పదహారుది ఒక్కటే కావాలి, పక్క గాడి ఖాళీగా ఉంచాలి. ఎస్‌ఎస్‌డీ అంటే బట్టలు దాచే బీరువా, ప్రస్తుతానికి చిన్నది చాలు. కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ మాత్రం కాస్త పెద్దదే, మంచి కంపెనీది. అక్కడ కక్కుర్తి పడితే అన్నీ కాలతాయి. మానిటరులో రంగు ఉన్నదున్నట్టు కనపడాలి, అది నీ కొత్త కన్నుకే వదిలేస్తున్నాను.

వీటన్నిటికీ పైన తొడిగే క్యాబినెట్టు నీ ఇష్టం.

నీ
నజ్మీన్


వినుకొండ,
మే మొదటి వారం

ప్రియమైన నా తల్లికి,

కొనేశాను! అన్నీ కొనేశాను! నా కంటికి నేనే దిష్టి తీసుకున్నాను!

ఆ బోర్డు చూశావూ, ఎంత సన్నటి పని! ఎవరో కూర్చుని బంగారు తీగతో మగ్గం వర్కు చేసినట్టుంది. ఈ కళ్ళు ఇంకో ఏడాది అలాగే ఉండుంటే అది చూడకుండా పోయేవాణ్ణి కదా. మానిటర్లు మూడు పెట్టాడు ముబీను. "మిరపకల్లం బొమ్మ వెయ్యరా" అన్నాను. ఒకదాంట్లో కాయ నారింజ తొక్కలా ఉంది. ఇంకోదాంట్లో తాలుకాయలా పాలిపోయి ఉంది. మూడోదాంట్లో మన యార్డులో ఆరబోసిన ఎర్రకాయే! దగ్గొస్తుందేమో అనుకున్నాను. అదే కట్టమన్నాను.

క్యాబినెట్టు నా ఇష్టమన్నావుగా. గోతాం సంచుల్లా లావుపాటివి చాలా ఉన్నాయి అక్కడ. వాటి పక్కన ఒకటి సన్నగా, నల్లగా, ఇస్త్రీ చేసిన షేర్వాణీలా నిలబడి ఉంది. మెళ్ళో టేపు ఉండనే ఉంది, కొలిచాను.

"బాబాయ్, అది స్లిమ్ము! రేపు కార్డు వేద్దామంటే పట్టదు!" అని ముబీను చెవిలో అరిచాడు.

"పట్టకపోవడమేందిరా, కొలిచాగా! బోర్డు అతికినట్టు కూర్చుంటుంది. అర అంగుళం మిగల్దు."

"మిగలాలి బాబాయ్, మిగలాలి!"

"నా కూతురి కొలత నాకు చెప్తావంట్రా? దానికి వదులు పనికిరాదు."

కొట్లో వాళ్ళంతా నవ్వారు. నవ్వనీ. వాళ్ళకేం తెలుసు?

నీకు గుర్తుందో లేదో. ఆరో తరగతిలో నీకు యూనిఫారం లంగా ఒక్కటే కుట్టాను, పదో తరగతి దాకా రావాలని. ముదురు పచ్చ. కింద వరసగా టక్కులు పట్టి, గుడ్డంతా లోపల దాచాను. ఏటా బడి తెరిచే ముందు ఒక టక్కు విప్పేవాణ్ణి. మిగతా లంగా ఉతికి ఉతికి వెలిసిపోయేది, విప్పిన చోట మాత్రం కొత్త గుడ్డ చారలా బయటపడేది. మీ పెదనాన్న కూతురు మదార్‌బీ బడి దారి పొడుగునా "నజ్మీనుకి ఒకటో చార, నజ్మీనుకి రెండో చార" అని పాట కట్టింది. నువ్వు మిషను కింద దూరి, "నాకు ఒంటికి సరిపోయేది ఒక్కటి కుట్టు నాన్నా, ఎక్కువొద్దు" అని ఏడ్చావు. ఊరందరికీ కొలతకి కుట్టేవాడి కూతురి మాట అది! నీ పెళ్ళికి కుట్టినవి చూశావుగా, పోగు కూడా ఎక్కువ వదల్లేదు. ఇదీ అంతే. ఈసారి అతికినట్టు ఉంటుంది తల్లీ.

నీ
నాన్న


మంగళగిరి,
రోహిణి కార్తె

ప్రియమైన నాన్నకి,

కంప్యూటర్ వచ్చింది. ముబీన్ అన్నే వచ్చి బిగించి వెళ్ళాడు. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! మానిటర్లో రంగులు చూసి అఫ్రోజ్ నోరు తెరిచాడు.

కానీ నాన్నా, చిన్నబుచ్చుకోకు. ఈ ఎండలకి దానికి ఊపిరాడట్లేదు. చొక్కా మరీ బిగుతైతే చేతులెత్తలేం చూడు, అలా ఉంది దాని పని. డిజైను సగంలో ఉండగా వేడెక్కి ఆగిపోతోంది. పెద్ద ఎస్‌ఎంపీఎస్ పట్టక అన్న చిన్నదే పెట్టాడు. రేపు కార్డు వేద్దామన్నా చోటు లేదు. వదులుగా ఉండే క్యాబినెట్టే కావాలి. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు ఎక్కువైందని ఏడ్చిందీ నేనే, ఇప్పుడు చాల్లేదని ఏడుస్తున్నదీ నేనే.

ఎలాగో తొమ్మిది డిజైన్లు చేసి చూపించాను. జయకుమారి గారు అన్నీ తిరగేసి, "నెమళ్ళు, మామిడి పిందెలు ఎవరైనా వేస్తారమ్మా. ఇవి నాకు ఫోన్లో ఊరికే దొరుకుతాయి. నజ్మీన్ వేసిందని చెప్పేది ఏది ఇందులో?" అన్నారు. తొమ్మిదీ మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అది పక్కన పెట్టుకుని, ఆగి ఆగి నడిచే ఆ కంప్యూటర్ మీదే పదోది మొదలుపెట్టాను. లంగా అంచుకి చారలు. పువ్వు లేదు, పిట్ట లేదు. పై చార వెలిసిన పచ్చ, దాని కింద కాస్త ముదురు, ఇంకా కింద ఇంకాస్త. మదార్‌బీ అక్క లెక్కపెట్టిన చారలే నాన్నా. ఆ మూడూ వచ్చాయి. అన్నిటి కింద ఇంకొకటి ఉండాలి. నువ్వు గుడ్డ తాను లోంచి కత్తిరించిన రోజున ఉన్న పచ్చ. అదే రావట్లేదు. చిలకపచ్చ పెట్టాను, సీసాపచ్చ పెట్టాను, వేపాకు పచ్చ పెట్టాను. ఏదీ అది కాదు. ఆ ఒక్క చార లేకపోతే మిగతాది ఉత్త వెలిసిపోయిన బట్టలా కనపడుతోంది. నీకేమైనా గుర్తుందా? ఆషాఢం రాకముందే చూపించాలి. నాకున్నది ఇదొక్కటే.

నీ
నజ్మీన్


వినుకొండ,
జూన్, తొలి చినుకులు పడ్డాయి

దొరికింది తల్లీ, దొరికింది! మన ఇంట్లోనే ఉంది!

కొట్టు మూసేసి మిషను ఇంటికి తెచ్చినప్పుడు మీ అమ్మ దాని మీద ఏదో గుడ్డ కప్పింది. రోజూ దాని మీద చెయ్యి ఆనించే కూర్చుంటాను. చూపు లేనప్పుడు అది ఏ గుడ్డో నాకేం తెలుసు, చూపొచ్చాక అలవాటై చూడలేదు. నీ ఉత్తరం చదివి తలెత్తితే, ఎదురుగా చారలు!

"కరీమున్, ఇది పిల్ల లంగా కాదూ!"

"రెండేళ్ళ నుంచి అదే కదా! ఇప్పటికి కనపడిందా నీ కొత్త కంటికి!" అని మీ అమ్మ నాకంటే గట్టిగా అరిచింది.

తీరా చూస్తే రంగు ఎక్కడుంది? నువ్వు చెప్పిన మూడు చారలూ వెలిసిపోయాయి. ఉసూరుమంటూ తిరగేశాను. లోపల వేలికి దళసరిగా తగిలింది. టక్కు! నాలుగోది! విప్పనే లేదు! నేను పట్టింది నాలుగు తల్లీ, నువ్వు మూడింటికే పొడుగు ఆగిపోయావు. అంతా మీ అమ్మ పోలిక.

అరుపులకి యలమంద పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సుభానీ, పాత లంగాకి ఇంత రభస?"

"నోర్మూసుకుని ఆ తలుపు బార్లా తియ్యి, వెలుతురు రానీ."

బ్లేడు తీసుకుని నేనే ఒక్కో కుట్టూ తెంపాను. నా కుట్టే, నాతోనే పోట్లాడింది. తెరుచుకున్నాక ఏం చెప్పను! తొలి చినుక్కి తడిసిన మిరపనారు ఎలా ఉంటుంది, అలా ఉంది. ఎండ తగల్లేదు, సబ్బు తగల్లేదు, తాను విప్పిన రోజు పచ్చ. యలమంద కూడా చెయ్యి తుడుచుకుని వచ్చి మరీ ముట్టుకున్నాడంటే నమ్ము.

ఫోటో తీసి పంపుదామంది మీ అమ్మ. ఫోను రంగుని నమ్మకూడదన్నాను. ముక్క కత్తిరిద్దామంటే కత్తెర ఆడలేదు. లంగా మొత్తం రేపటి బస్సుకి ముబీనుకి పంపుతున్నాను. వాడు వదులుపాటి క్యాబినెట్టు మార్చి, పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెట్టి, లంగాతో సహా నీకు చేరుస్తాడు. "మిగలాలని చెప్పానా లేదా, అడుగు పిన్నీ" అని మీ అమ్మతో ఫోనులో తెగ నవ్వాడంట. నవ్వనీ. ఈసారి వాడిదే రైటు.

అన్నట్టు, ప్రియమైన నా నజ్మీనుకి దీవెనలు. మళ్ళీ ముందు రాయడం మరిచాను.

నీ
నాన్న


మంగళగిరి,
జూలై మొదటి వారం

ప్రియమైన నాన్నకి,

ఒప్పుకున్నారు నాన్నా. గబగబా రాస్తున్నాను, అక్షరాలు గుండ్రంగా రాకపోతే ఏమనుకోకు.

కొత్త క్యాబినెట్టులో కంప్యూటర్ హాయిగా ఉంది. లోపల సగం ఖాళీయే, గాలి ధారాళంగా తిరుగుతోంది. ఒక్కసారి కూడా ఆగలేదు. లంగాని మానిటర్ పక్కన పరిచి చూస్తే తెలిసింది, ఆ పచ్చ ఏ ఒక్క దారంలోనూ లేదు. సీసాపచ్చ పోగు, వేపాకు పచ్చ పోగు పక్కపక్కన కుట్టించాను. అప్పుడు వచ్చింది.

నమూనా తీసుకెళ్తే జయకుమారి గారు బల్ల మీద పరిచి కనుబొమలు ముడిచారు. అయిపోయింది నా పని అనుకున్నాను. తర్వాత చారల మీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టి, "మాది నీలం" అన్నారు.

"ఏంటండీ?"

"మా బడి లంగా. మా అమ్మా ఇలాగే టక్కులు పట్టించేది. నాకూ మూడొచ్చాయి." నాలుగో చార మీద వేలు ఆపారు. "ఇది మాత్రం నేను చూళ్ళేదు" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే వ్యాపారంలో పడిపోయారు. "పచ్చా కావాలి, నీలమూ కావాలి. శ్రావణం పనంతా నీదే. దీని పేరేంటి, చీటీ మీద రాయాలి?"

పేరు అనుకోలేదు నేను. నోట్లోంచి వచ్చేసింది, నాలుగో టక్కు అని.

లంగా తిరిగి పంపను. మిషను మీద వేరే గుడ్డ కప్పుకో.

నీ
నజ్మీన్


వినుకొండ,
అదే వారం

ప్రియమైన నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం నేనే చదివాను, అరుగు మీద నిలబడి పైకి చదివాను! వీధంతా విననీ అని! యలమంద "మళ్ళీ చదువు, నీలం దగ్గర సరిగ్గా వినపడలేదు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఈసారి నీలం దగ్గర వాడి భుజం మీది తువ్వాలు ఇద్దరికీ పనికొచ్చింది.

మిషను మీద ఇంక గుడ్డ కప్పను. దుమ్ము తుడిచి నూనె వేశాను. యలమంద మనవరాలికి బడి లంగా ఒప్పుకున్నాను. "సుభానీ తాతా, నాకు టక్కులొద్దు" అంది ఆ పిల్ల. ఒకటే పెడతానని బేరం కుదుర్చుకున్నాను, రెండు పెడతాను.

నీ కంప్యూటర్లో సగం ఖాళీ అన్నావు. దాన్ని చూసి తొందరపడకు తల్లీ, ఉండనీ. ఈసారి నువ్వు నాలుగో టక్కు దాకా పెరగాలి.

ఇట్లు
దుకాణం తెరిచిన నీ నాన్న,
సుభానీ, టైలర్

మరిచాను, ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు: గుంటూరు పెద్దమ్మకి, ముబీనుకి. పిడుగురాళ్ళ సున్నంబట్టీలో మీ చిన్న మామయ్యకి, ఆయన ఫోను ఎత్తడు, ఎత్తేదాకా చెయ్యాలి. ఒంగోలు మేనత్తకి, అందరికంటే ముందు ఆవిడకే చెప్తున్నట్టు చెప్పాలి, లేకపోతే అలుగుతుంది. మీ అత్తమామలకి అల్లుడు చెప్పాలి. నరసరావుపేటలో మదార్‌బీకి మాత్రం నువ్వే చెప్పు. చారలు లెక్కపెట్టడం తనకి బాగా వచ్చుగా, జయకుమారి గారి దుకాణానికి వచ్చి నాలుగోది కూడా లెక్కపెట్టుకోమను.