రంగు జుట్టు, పాత మొక్కు

చందూ,

రంగేసుకున్న జుట్టు అమ్మవారు తీసుకుంటుందా అని ఏళ్ళుగా నాకో సందేహం. అదలా ఉంచు.

పార్లర్‌కి వెళ్ళేముందు తలకి పోసుకోకు, ఆ జిడ్డే మాడుని కాస్తుంది. నల్లజుట్టు మీద రంగు తేలాలంటే ముందు బ్లీచ్ పెడతారట. మాడుకి తగలనివ్వకు. మొదట ఒక్క పాయకే వేసి చూడమను. మరీ పసుపు వద్దు, తేనెరంగు చాలు. వచ్చాక తలమీద వేడినీళ్ళు పోసుకోకు. పెసరట్టు పిండి ఫ్రిజ్‌లో ఉంది.

"నువ్వు నెలనెలా నలుపేస్తే లేని తప్పు, నేను నాలుగు పాయలకేస్తే వచ్చిందా?" అన్నావుగా రాత్రి. గుచ్చుకుందే! పొద్దున్నే అమ్మవారి కొండకెళ్ళి పూజారిగారిని అడిగేశాను. "ఆవిడ రంగు చూడదమ్మా, ఇస్తానన్నది ఇచ్చెయ్యండి" అన్నారు.

భజనకి పటమట పోతున్నా.

అమ్మ

అన్నట్టు, చిన్నప్పుడు నీకు టైఫాయిడ్ తగ్గితే ఇస్తానని మొక్కుకున్న నా జుట్టు, కొసన మూడు కత్తెరలు వేయించి ఇవాళ ఇచ్చేశాను.