బుడ్డోడి మాత్రలు

మా ఇంటి డాక్టరమ్మకి,

ఎదురుగా చెప్పడానికి నోరు రాక ఈ కాగితం నర్సమ్మ చేతికిస్తున్నాను. పశువుల ఆసుపత్రిలో పని ముగించుకుని నువ్వు ఈ వార్డుకి వచ్చేసరికి నేను నిద్ర నటిస్తూ ఉంటాను. చదివాక లేపబుద్ధి కాకపోతే వెళ్లిపో, తప్పు పట్టను.

గురువారం బుడ్డోడికి ఆపరేషన్ చేయొద్దు. కీళ్ల వాపు తగ్గడానికి నువ్విచ్చిన మాత్రలు పనిచేయకపోవడం కాదు. అవి దానికి అందనే లేదు. నేను మింగాను.

మొదటి నాలుగు రోజులూ నువ్వు చెప్పినట్టే రొట్టె ముక్కలో దాచి పెట్టాను. పేరుకి బుడ్డోడు గానీ పన్నెండేళ్ల ముసలి కుక్క. ఐదో రోజున నా కుట్టుమిషను పక్కనుంచి లేచి గబగబా మేడ మెట్లెక్కిపోయింది. నేను కింద నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఆ మెట్లు నేనెక్కి ఆరు నెలలైంది. పైన ఉక్కగా ఉంది, కింద కుట్టు కొట్లోనే పడుకుంటానని మీకు చెప్పింది అబద్ధం. మోకాలు వంగడం లేదు. మావాడికి తెలిస్తే "ఇక మిషను తొక్కింది చాల్లే నాన్నా, కొట్టు మూసెయ్" అంటాడు. నలభై ఏళ్లు తొక్కిన కాలు. దాన్ని ఊరికే కూర్చోబెడితే నేనేమైపోతానో అని భయం.

ఒక్కటే కదా అని వేసుకున్నాను. కుక్కలకి నచ్చాలని కలిపిన మాంసం వాసనకి ముక్కు మూసుకుని మింగాను గానీ, మధ్యాహ్నానికి కాలు నాది కాదన్నంత తేలికైంది. మర్నాటి నుంచి బుడ్డోడికి ఉత్త రొట్టె. అది మళ్లీ కుంటడం మొదలుపెట్టింది. నువ్వు మోతాదు పెంచావు. అదీ నేనే మింగాను. "మామయ్యా, మాత్ర తింటోందా?" అని నువ్వడిగితే "శుభ్రంగా తింటోందమ్మా" అన్నాను. నువ్వు దాని కాల్లోంచి రక్తం తీస్తుంటే తల పట్టుకున్నదీ నేనే. అది అరవలేదు, నా చెయ్యి నాకింది.

ఒకరోజు వంటింట్లో నువ్వు మావాడితో "దాని నొప్పి తగ్గించలేకపోతున్నాను, నాకీ పని రాదేమో" అంటుంటే విన్నాను. ఆ పూట మాత్ర కూడా నేనే మింగాను. మొన్న కళ్లు తిరిగి పడిపోయాక ఇక్కడి డాక్టరు, కడుపులో పుండు పడి రక్తం పోయిందన్నాడు. ఏం మాత్రలు వాడుతున్నారంటే ఏమీ లేవన్నాను.

ఆరోజు చెప్పులైనా వేసుకోకుండా, దారి పొడుగునా నా తల ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చావు. ఆ రుణం తీరేది కాదు. నీకు మొహం చూపించలేక, ఇక్కణ్ణుంచి నేరుగా మా చెల్లెలింటికి వెళ్లిపోతాను.

మామయ్య


మామయ్యా,

అన్నంత పనీ చేశారు, నేరుగా మీ చెల్లెలింటికి వెళ్లిపోయారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను వస్తే గోడవైపు తిరిగారు. అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను.

ఆరోజు మీరు నటించలేదు, నిజంగానే గురక పెట్టారు. మీ ఉత్తరం నేరుగా మీ డాక్టరుకి చూపించాను. "కుక్క మాత్రలా?" అని రెండుసార్లు అడిగి, పుండు పడింది వాటివల్లేనని అప్పటికప్పుడు వైద్యం మార్చారు. ఇంకో వారం మింగి ఉంటే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండేది కాదట.

కోపం వచ్చింది, దాచను. బస్సులో ఏడ్చాను కూడా. ఆపరేషన్ మానేసి నా చేత్తో మాత్ర పెడితే వారంలో బుడ్డోడు కుంటడం తగ్గింది. నాకు నా పని వచ్చు. ఆ సంగతి మీ ఉత్తరం వల్లే తెలిసింది. మీవాడు మిషనుకి మోటారు పెట్టించాడు. "ముందే చెప్తే ముందే పెట్టించేవాణ్ణిగా" అని గొణుగుతూనే. సోమవారం మీ మోకాలు ఎముకల డాక్టరుకి చూపిస్తున్నాం.

మీకెప్పుడూ చెప్పలేదు. మా నాన్న కడుపునొప్పిని రెండేళ్లు దాచారు. బయటపడేసరికి చేయడానికేమీ మిగల్లేదు. పశువులు చెప్పలేవు కాబట్టి తడిమి, నొక్కి తెలుసుకుంటాను. మనుషులు చెబుతారనుకుని ఆయన్ని వదిలేశాను. మీరు ఆలస్యంగానైనా, సిగ్గుపడుతూనైనా చెప్పారు. అదీ మీ అబ్బాయికి కాదు, నాకు. దానికి నేనే మీకు రుణపడ్డాను.

రేపు పదింటికి కారు తీసుకుని వస్తున్నాను. సంచి సర్దుకుని ఉండండి. రానంటారేమో, మొండికేసిన ఎద్దుల్ని బండెక్కించడం నాకు బాగా అలవాటు.

మీ కోడలు