మూసేసిన రెక్క

మార్‌బర్గ్,
2 మే 1994

క్రిష్,

నువ్వు క్షేమంగా ఎస్ట్‌కోర్ట్ చేరావని అమ్మ చెప్పింది. సంతోషం. ఇంకోసారి నేను కట్టుకుంటున్న విమానం మీద చెయ్యి వేశావంటే మాత్రం ఊరుకోను.

ఓటు వేయడానికి నేను పొద్దంతా వరసలో నిలబడి ఇంటికొచ్చేసరికి, షెడ్డులో రెక్కకి పైన ప్లైవుడ్ అతికించేసి, దానికి కుంకుమబొట్టు పెట్టి, "అన్నా, సర్‌ప్రైజ్!" అన్నావు. లోపలి అతుకులు ఇన్‌స్పెక్టర్ చూడందే రెక్క మూయకూడదని నీకు లక్షసార్లు చెప్పాను. పైగా, "నాలుగేళ్లయింది, ఇంకెప్పుడు ఎగురుతావు?" అని నన్నే అడుగుతావా? ఈ దేశంలో తెల్లవాళ్లతో సమానమైన ఓటు కోసం మనవాళ్లు ఎన్నేళ్లు ఆగార్రా? రెక్క కోసం నువ్వు ఒక్క వారం ఆగలేవా?

నిన్న నిన్ను తిట్టుకుంటూనే ఆ ప్లైవుడ్ పీకాను. దాంతోపాటు లోపలి బద్ద ఒకటి ఊడి చేతికొచ్చింది. దానికి జిగురే లేదు. పైకి చూస్తే గట్టిగానే కనిపించేది. అది నువ్వు పెట్టింది కాదు. మొదటి ఏడాది, తొందరగా ఎగరాలన్న ఆత్రంలో నేను పెట్టింది.

నువ్వు మూయకపోతే నేను పీకేవాణ్ణి కాదు.

కోపం తగ్గిందనుకోకు. శనివారం రా. నేను అతికించిన ప్రతి బద్దనీ నీ చేత్తో లాగి చూడు.

అన్న