ఆయనకు తెలుసు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం రాగానే మీ బావ "రాజుగారి బంధువు ఏం రాశాడు?" అని అడిగాడు. నువ్వు కోటలో రాజుగారి బండి తోలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నీకు ఆ పేరే ఖాయం చేశాడు. చదివి వినిపిస్తే దగ్గుతూనే నవ్వాడు. ఆ దగ్గు తగ్గడం లేదురా. ఇన్నేళ్లు రాళ్లు చెక్కుతూ పీల్చిన దుమ్ము ఊరికే పోతుందా?

ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ఏటిగట్టు మీద రాజుగారి వేసవి మేడ పూర్తయింది. దాని కిటికీలన్నీ పెద్దరోడ్డు వైపే. అందుకని ఇక మీదట ఏ శవాన్నీ ఆ రోడ్డు మీదుగా శ్మశానానికి తీసుకెళ్లకూడదట. తోళ్ల కార్ఖానా వెనకాల ఉన్న జారుడుబాటలో దిగి వెళ్లాలట. మలుపులో సిపాయిలు నిలబడి వెనక్కి తిప్పి పంపుతున్నారు. మొన్న సబ్బుల దుకాణం ఆవిడ అత్తగారిని అలా మోసుకెళ్తుంటే బురదలో కాళ్లు జారాయి. పాడె పక్కకు ఒరిగి ఆ ముసలావిడ దొర్లిపోయింది. చూసినవాళ్లెవరికీ ఆ పూట ముద్ద దిగలేదు.

ఉప్పు మీద పన్ను వేస్తే సణుక్కుని ఊరుకున్నాం. మగపిల్లల్ని సైన్యంలోకి పట్టుకుపోతే ఏడ్చి ఊరుకున్నాం. దీనికి మాత్రం జనం సర్దుకునేలా లేరు. అర్జీ రాసి పంపారు. నువ్వు కూడా రాజుగారి చెవిన ఓ మాట వెయ్యి.

"అడగమను, బంధువులే కదా" అంటున్నాడు మీ బావ.

నీ బాగు కోరే
అక్క

•

ప్రియమైన అక్కకు,

ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ సంగతి రాజుగారికి తెలియదు. మీరంతా ఆయన్ని దూరం నుంచి చూసినవాళ్లు. నేను రోజూ చూస్తున్నాను. మా ఆడగుర్రం ఈనలేక అవస్థపడుతుంటే గడ్డిలో చతికిలబడి దాని మెడ నిమిరిన మనిషి ఆయన. వానలో తడుస్తున్నానని తన కండువా తీసి నా భుజాల మీద వేశాడు. అలాంటివాడు ఇలాంటి ఆజ్ఞ ఇస్తాడా? ఇదంతా మధ్యలోవాళ్ల నిర్వాకం. మేడ చూసుకునే అధికారి మెప్పు కోసం అతి చేసి ఉంటాడు.

సమయం చూసి నేనే చెబుతాను. ఆయన చెవిన పడితే చాలు, మర్నాడే ఆ సిపాయిలు మలుపులోంచి మాయమవుతారు. బావను గొడవల్లో తలదూర్చవద్దని చెప్పు. దగ్గుకు వేడినీళ్ల ఆవిరి పట్టు. బంధువు అడిగాడని చెప్పు.

నీ తమ్ముడు

•

తమ్ముడూ,

మీ బావ పోయాడు.

కబురు పంపితే నువ్వు వచ్చేసరికి ఆలస్యమవుతుందని పంపలేదు. తిట్టుకోకు.

పెద్దరోడ్డు మలుపులో సిపాయిలు ఆపారు. ఆ రోడ్డు పరిచింది ఎవరో నీకు తెలుసు. ఒక్కో రాయి మోకాళ్ల మీద కూర్చుని మీ బావ, ఆయన జట్టువాళ్లు పరిచిందే. ఆ మాటే చెప్పాను. సిపాయి తల దించుకుని, "మా చేతుల్లో ఏముందమ్మా, అటు పొండి" అన్నాడు.

వాన పడి వెలిసింది. జారుడుబాటలో పాడెకు తాళ్లు కట్టి కొందరు పైనుంచి బిగపట్టుకున్నారు. నేనూ ఒక తాడు పట్టుకున్నాను. ఆయన పడిపోతాడేమోనన్న భయమే తప్ప వేరే ధ్యాస లేదు. కిందికి చేరాక అరచేతులు చూసుకుంటే తోలు లేచిపోయి ఉంది. అప్పుడు తట్టింది, నేనింకా ఏడవనే లేదని. మొగుడు పోతే ఏడవడానికి కూడా నాకు తీరిక ఇవ్వలేదురా.

ఆ సాయంత్రం రంగుల కార్ఖానాలో నాతో పనిచేసే ఆడవాళ్లంతా మా ఇంటికి వచ్చారు. నీలిరంగు అంటిన చేతులతో అలాగే నేల మీద కూర్చున్నారు. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. సబ్బుల దుకాణం ఆవిడ మాత్రం, "ఇక ఆ బాటలో ఎవర్నీ దింపం" అంది. మిగతావాళ్లు తలూపారు. అంతే, తేలిపోయింది.

ఇంతకీ రాజుగారికి చెప్పావా?

అక్క

•

అక్కా,

నీ పక్కన లేనందుకు నన్ను నేను ఏమనుకోవాలో తెలియడం లేదు. బావ లేని ఇల్లు ఊహకు అందడం లేదు.

చెప్పాను. నిన్న తోటల వైపు షికారుకు తీసుకెళ్లినప్పుడు చెప్పాను. నేను ముందు కూర్చుంటాను కనుక ఆయన ముఖం కనిపించదు, మాట ఒక్కటే వినిపిస్తుంది. అర్జీ గురించి, జారుడుబాట గురించి, ఆ ముసలావిడ గురించి చెప్పి, "మీకు తెలియకుండా కిందవాళ్లు చేస్తున్నారయ్యా" అన్నాను.

"తెలియకపోవడమేంటి? నేనే చెప్పాను" అన్నాడు. "పొద్దున్నే కిటికీ తెరవగానే శవం కనిపిస్తే రోజంతా మనసు బాగోదు."

"మా బావను కూడా అటే దింపారయ్యా. ఆ రోడ్డుకు రాళ్లు పరిచినవాడు."

నొచ్చుకుంటాడనుకున్నాను.

"కూలి ఇచ్చాం కదా?" అన్నాడు.

ఆ తరవాత ఎర్రగుర్రం కాలు నొప్పి తగ్గిందా అని అడిగాడు. ఆ అడగడం కూడా ఎంతో ప్రేమగా అడిగాడక్కా! తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. కోపంలో అన్నాడని సర్దిచెప్పుకునేవాణ్ణి.

గుర్రాలు చూసుకునేవాళ్లకు ఈ మాట చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడు నమ్మారు.

వచ్చే అమావాస్య మర్నాడు మేడ ప్రవేశానికి ఆయన మన ఊరు వస్తున్నాడు. తోలేది నేనే. రోడ్డు మీద జనం ఉంటే బండి ఆపొద్దని ముందే చెప్పారు. నీకు దండం పెడతాను, ఆ రోజు ఇంట్లోనే ఉండు.

తమ్ముడు

•

ప్రియమైన తమ్ముడికి,

ఇంట్లో ఉండను.

ఆ రోజు ఊరంతా ఖాళీ పాడె ఎత్తుకుని పెద్దరోడ్డు మీద నడుస్తుంది. జారుడుబాటలో దిగినవాళ్లందరి కోసం. నేను ముందు వరసలో ఉంటాను.

నువ్వు రాసిన మాట కార్ఖానాలో చదివి వినిపించాను, ఏమీ అనుకోకు. మన బడిపంతులు ఇన్నాళ్లూ "రాజు మంచివాడే, కిందవాళ్లే దుర్మార్గులు" అనేవాడు. అర్జీ రాసింది కూడా ఆయనే. నీ ఉత్తరం విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పాడె ముందుకొమ్ము నేను పడతాను" అన్నాడు.

ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకోకు. వేరేవాడు తోలుకొస్తేనే నాకు భయం. నువ్వయితే గుర్రాలు నీ మాట వింటాయి. నిన్ను ఇంకేమీ అడగను.

అక్క

•

ప్రియమైన అక్కకు,

నన్ను పట్టుకుపోయాక నీకు ఏ కబురూ అందలేదని తెలిసింది. బాగానే ఉన్నాను. నీకు దూరం నుంచి కనిపించింది కొంతే. బండి దగ్గర ఏం జరిగిందో చెబుతాను.

మలుపు తిరగగానే రోడ్డంతా మీరే. ఖాళీ పాడె, కొమ్ము పట్టుకున్న పంతులు, పక్కనే నువ్వు. నా మీద నుంచి నువ్వు చూపు తిప్పలేదు. పగ్గాలు లాగాను. గుర్రాలు ఆగాయి.

"ఎందుకాపావు?" అన్నాడు వెనక నుంచి.

"మనుషులున్నారయ్యా."

"తప్పుకుంటారు. బండి పోనీ."

"తప్పుకోరయ్యా. నాకు తెలుసు వీళ్లు."

"నేను చెబుతున్నాను. పోనీ!"

మొదటిసారి వెనక్కి తిరిగి ఆయన ముఖం సూటిగా చూశాను. భయపడుతున్నాడు. అంత దగ్గర్నుంచి ఊరి జనాన్ని ఎప్పుడూ చూసి ఉండడు. నాకు జాలి వేసింది కానీ పగ్గాలు మాత్రం వదిలేశాను. కిందికి దిగి గుర్రాలను బండి నుంచి విప్పేశాను. ఎర్రగుర్రం నేరుగా నీ దగ్గరికే నడిచింది చూశావా? మీరు దానికి దారి ఇచ్చి మళ్లీ కలిసిపోయారు. వెంట వచ్చిన రౌతుల్ని తుపాకులు ఎత్తమన్నాడు వాళ్ల నాయకుడు. సగంమంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లు పక్కవాళ్లను చూసి దించారు. నన్ను పట్టుకోవడం ఒక్కటే వాళ్లకు చేతనైన పని.

ఆ తరవాత రోజూ ఏదో ఒక కబురు ఈ కోట జైలు గోడల్లోకి వస్తూనే ఉంది. మీ కార్ఖానాలో ఆడవాళ్లంతా పని మానేశారని, పడవలవాళ్లు పడవలు కట్టేశారని, కోటలో వంటవాళ్లు పొయ్యి వెలిగించలేదని. ఈ పొద్దున జైలు కాపలావాడు వచ్చి ఊచల అవతల కూర్చున్నాడు.

"నిజంగా అలా అన్నాడా? కూలి ఇచ్చాం కదా అని?"

"అన్నాడు."

"మాదీ మీ ఊరే. మా అమ్మను కూడా ఆ జారుడుబాటలోనే దింపార్లే" అన్నాడు. తరవాత తలుపు తాళం తీసి, నడుముకున్న పటకా విప్పి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. లోపలున్న ఖైదీలమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని బయటికి వచ్చాం. రాజుగారు రాత్రే సరిహద్దు దాటాడట. వీధుల్లో అరుపులు లేవు, ముందు ఎవరు ఏం చెయ్యాలని మాట్లాడుకుంటున్నారు. నా బుర్రకు అందినంత నేనూ చెప్పాను, విన్నారు.

రేపటి బండికి మన ఊరు వస్తున్నాను. తోలేది వేరేవాడు. ఈసారి లోపల కూర్చుని వస్తాను.

నీ తమ్ముడు