ఎవరూ అడగని డిఫెండర్

మే 1986, గురువారం

ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఇంకా మొదలవలేదు, మా ఆఫీసులో కాగితం మీద ఆట మొదలైంది. వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవాలి, ఒకరు తీసుకున్నవాణ్ని ఇంకొకరు తీసుకోకూడదు. అసలు మ్యాచుల్లో వాళ్లు గోల్ కొట్టినా, పడకుండా ఆపినా మనకు మార్కులే. మగవాళ్లంతా గోల్ కొట్టేవాళ్ల మీదే ఎగబడ్డారు. నేను మాత్రం అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కొన్న పాత పత్రికల్లో వెతికి పట్టుకున్న డిఫెండర్ పేరు చెప్పాను.

"గీ పిలగాడెవరు మేడం, మీ మధురానగర్ల ఉంటడా?" అన్నాడు టైపిస్టు సలీం భాయ్.

రోషమొచ్చి, ఆ డిఫెండర్ జట్టు గోల్ పడనివ్వదని, పెనాల్టీలు కూడా అతనే కొడతాడని వివరంగా చెప్పేశాను. తర్వాతి వంతులో అందరూ డిఫెండర్లనే అడిగారు. నేను మనసులో దాచుకున్న ఇద్దరూ పోయారు.

"మస్తు చెప్పిన్రు మేడం, షుక్రియా!" అన్నాడు సలీం భాయ్.

ఓడిపోతానని కాదు నా బాధ. నాకు తెలుసని ఒప్పించాలన్న ఈ తొందర ఎప్పుడు పోతుందో. రేపు ఆఖరి వంతు. ఎవరూ చూడని గోల్‌కీపర్ ఒకడున్నాడు. పేరు చెప్పి ఊరుకోవాలి. సలీం భాయ్ నవ్వితే మాత్రం...