బావ ముక్కు గొట్టం

ప్రియమైన అక్కకు,

ఇందుమూలంగా యావత్తు వార్డు ప్రజలకు తెలియజేయడమేమనగా: బావగారి పదకొండో మంచం తలవైపు ఇకపై మూడు దిండ్లకు తగ్గరాదు. తగ్గించినవారి చెవి మెలిపెట్టబడును. ఇట్లు, పదో తరగతి మూడుసార్లు రాసిన నీ తమ్ముడు.

నవ్వావా? ఇక విను. పక్షవాతంతో బావకు మాటా మింగడమూ పోయాయి కదా. తిండి కోసం ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టాన్ని నిన్న రెండోసారి పీకేశాడు. ముక్కంతా రక్తం. మళ్ళీ వేశారు. "ఇంకోసారి పీకితే మనిషి తట్టుకోడు" అంది డాక్టరమ్మ. పనిచేసే ఆ ఒక్క చేతినీ గుడ్డతో మంచానికి కట్టారు. కట్టేముందు పలకమీద రాశాడు: "ఇక చాలు."

ఏం చేయమంటావు?

నీ కోతి


ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి కాలూ చేయీ ఆడలేదు. ఒక కాలు ఎలాగూ సిమెంటు కట్టులోనే ఉందనుకో. ముప్పై ఏళ్ళు ఇళ్ళకు పైపులు బిగించిన చేతిని కట్టేస్తార్రా? నా మాట విని ఒక్క చెంచా పాలు నోట్లో పోయి. రుచి తగిలితే ప్రాణం లేచొస్తుంది. పక్కింటావిడ వండి పెడుతోంది, నేను వేళకు తింటున్నానని ఆయనకు చెప్పు. ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ అక్క


ప్రియమైన అక్కకు,

ఆ చెంచా పాలు పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయట. డాక్టరమ్మని అడిగాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ప్రేమతోనే చంపేసేదానివి.

ఉత్తరం చదివా. గోడవైపు తిరిగి ఉన్న బావ సగంలో ఇటు తిరిగాడు. కట్టు విప్పమని సైగ. నర్సమ్మ వద్దంటున్నా విప్పాను. చేయి తిన్నగా ముక్కు దగ్గరికే పోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. గొట్టం జరగలేదని చెప్పే గుర్తు ముక్కు అంచునే ఉందా అని తడిమి, నా చేతిలోని జావ పోసే సిరంజి లాక్కున్నాడు. నేను పోస్తుంటే, ధార దూకకుండా ఎత్తు తనే చూసుకుంటూ, పావుగంటసేపు పట్టుకున్నాడు. చివర గొట్టం కడిగే నీళ్ళు కూడా పోయించుకుని, పలకమీద రాశాడు: "మీ అక్క ఇప్పుడు తింటుందా?"

ఇవాళ్టికి ఐదు రోజులు. చేయి కట్టలేదు, గొట్టం ఊడలేదు. పూటపూటా అదే ప్రశ్న.

తిట్టకు. పక్కింటావిడ వంట సంగతి దాటేసి చదివాను. ఆయన పొట్టలో చుక్క పడేదాకా నువ్వు మెతుకు ముట్టవన్న మాట నీ ఉత్తరంలో లేదు. అది మొత్తం నేనే అల్లాను.

నీ కోతి