పిండి పిసికిన చెయ్యి

మెట్టుగూడ

యోగితమ్మకు,

ఫోన్ చేస్తే మా కోడలు నవత వింటుందని రాస్తున్నాను. పక్షవాతంతో పడిపోయిన నా ఎడమచెయ్యికి ఫిజియోథెరపీలో మీరు అద్దమిచ్చి నేర్పిన ఎక్సర్‌సైజ్ రోజూ చేస్తున్నాను. ఆ చేతిని అద్దం వెనక దాచి, కుడిచేత్తో దాని ముందు చపాతీ పిండి పిసుకుతూ అద్దంలోకే చూస్తాను. పిసికేది ఎడమచెయ్యే అనిపిస్తుంది. మెదడు నమ్మితే చాలన్నారు మీరు.

నిన్న మధ్యాహ్నం చెమట తుడుచుకుందామని పిండిలోంచి కుడిచెయ్యి తీశాను. అద్దంలో చెయ్యి మాత్రం పిసుకుతూనే ఉంది. భయమేసి అద్దాన్ని పక్కకు తోశాను. వెనక నా ఎడమచెయ్యి ఎప్పటిలాగే తడిగుడ్డలా పడి ఉంది.

సాయంత్రం నవత నా చేతులు కడుగుతూ ఆగిపోయింది. "అత్తమ్మా, గీ చేతి గోళ్ళల్ల పిండేందీ? ఇది కదలదు గదా!"

కుడిచెయ్యి తగిలి ఉంటుందిలే అన్నాను. ఆమె నమ్మలేదు. అద్దం మీకు తిరిగిచ్చేస్తానంటోంది.

తొమ్మిది నెలలుగా చీమ కుట్టినా తెలియని ఆ వేళ్ళు ఇవాళ పొద్దున్నుంచి నొప్పి పెడుతున్నాయి. పనిచేసిన నొప్పి, నాకు తెలుసు. నవత వస్తే అద్దం తీసుకోకండమ్మా. రేపటి నుంచి రెండు చేతులకూ సరిపడా పిండి ఇంకాస్త ఎక్కువ తడపనా, అది చెప్పండి చాలు.

మీ పేషెంటు